వేట పడిన తరువాత

వరికుంటపాడు అను పేరులో వరియు కలదు, కుంటయు కలదు. ఆ రెండును నిండుగా నుండిన సంవత్సరములు మాత్రము ఆ సీమలో తక్కువ. నెల్లూరు మండలమునకు పడమటి అంచుగా వెలికొండలు ఉత్తర దక్షిణములుగా సాగినవి. వాని తూర్పు పాదమున ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతములు మెట్టచేలతో, తుప్పలతో, రాతిదిబ్బలతో నిండియున్నవి. పెన్నకాలువల క్రింది మాగాణి ఎఱుగని ఆకలి ఈ మెట్ట ఎఱుగును. కనుకనే కుంటగట్టున దుప్పి అడుగు కనబడినప్పుడు ఇచ్చటి పూర్వులు దానిని చూచి కవిత్వము చెప్పలేదు. వలను, ఈటెను, కుక్కను వెదకికొనిరి.

వేటను గూర్చిన వ్రాతకు మన సాహిత్యమున కొఱత లేదు. అల్లసాని పెద్దన మనుచరిత్రమున స్వరోచి వేటకు వెడలిన ఘట్టమును విప్పినవారికి కుక్కలు, వలలు, వేటకాండ్ర కేకలు, అడవిపందుల రొప్పులు అన్నియు ఎదురగును. ఆ గ్రంథముననే కృష్ణదేవరాయలు ఉదయగిరిని గెలిచిన సంగతియు కీర్తింపబడినది. కావున ఆ కావ్యము మన కొండకు చుట్టమే. అయితే వేట జోరుగా సాగుచుండగా మనోరమ ఆర్తనాదము వినవచ్చును, నాయకుని చూపు ఆమె వంకకు మరలును, కథ కల్యాణమునకు నడచును. అంతవరకు కూలిన మృగముల సంగతి యేమి? వానిని కోసినదెవరు, మోసినదెవరు, ఆ రాత్రి ఎవరి యింట పొయ్యి వెలిగినది? కవికి ఆ చింత లేదు. చరిత్ర చదువువారికి ఉండవలెను. నేడు మేము ఆ సంగతియే ప్రస్తావింపదలచితిమి. వినుటకు కొంత మోటుగా నుండవచ్చును, శ్రోతలు మన్నింతురుగాక.

మృగము కూలిన క్షణము నుండి వేటకానికి శత్రువు మృగము కాదు, ఎండ. ప్రాణమున్నప్పుడే దాని దేహపు వేడిమి 38, 39 డిగ్రీలు. నెల్లూరు సీమలో వేసవి ఎండ 40 డిగ్రీలు దాటుట వింత కాదు. దట్టమైన తోలు లోపలి వేడిమిని బయటకు పోనీయదు. పొట్టలోని మేత పులియుట మానదు. కొంతసేపు ఉపేక్షించినచో పొట్ట తప్పెటవలె ఉబ్బును, లోపలి చెడుగు కండకు ప్రాకును. కాబట్టి మొదటి పని నెత్తురు వార్చుట, రెండవది పొట్ట తెఱచుట. ఈ రెండవ పనిలోనే చేతి నేర్పు తెలియును. కత్తిమొనను లోపలికి దింపక, రెండు వ్రేళ్ల నడుమ పైకి త్రిప్పి పట్టి, ఱొమ్ముటెముక దిగువ నుండి తొడల సందు వరకు పై పొరను మాత్రమే చీల్చవలెను. పేగు తెగినను, మూత్రపుతిత్తి చిట్లినను ఆ చుట్టుపట్ల మాంసమంతయు పాడగును. పిమ్మట గొంతు వద్ద ఊపిరిగొట్టమును కోసి లాగినచో లోపలి సరకంతయు ఒక్క మొత్తముగా వెలువడును. అడవిపంది కార్జమునకు చేదు నింపుకొన్న పైత్యపుతిత్తి అంటియుండును. దానిని చిట్లకుండ తీయుట మరియొక నేర్పు. దుప్పికిని కణుజుకును ఆ తిత్తియే లేదు. ఈ భేదమును క్రీస్తుపూర్వము 4వ శతాబ్దమున గ్రీకు పండితుడు అరిస్టాటిల్ గ్రంథస్థము చేసెను. అతడు దానిని ఏ వేటకాని నోటనో వినియుండునని మా అనుమానము. కత్తి పట్టిన చేయి ఎఱుగని సంగతి కాదది.

లోపలి సరకు తీసిన పిదప కళేబరమును నీడకు ఈడ్చి, గాలి ఆడునట్లు కడుపుగోడల నడుమ పుల్ల నిలిపి ఆరనిత్తురు. కార్జము, గుండెకాయ ముందుగా చెడును గనుక అవి అచ్చటనే నిప్పుల మీద కాలును. ఇది వేటకాండ్ర తిండిపోతుతనము కాదు, లెక్క. ఆపైన మోత. మగకణుజు 200 కిలోలకు మించి తూగును. లోపలి సరకు, తల, తోలు, గిట్టలు పోగా సగమే మిగిలినదనుకొన్నను 100 కిలోల పైమాట. రాతిబాటలో మనిషి 25 కిలోల కంటె ఎక్కువ మోసికొని చాలదూరము నడువలేడు. అనగా ఒక్క కణుజును ఇల్లు చేర్చుటకు నలుగురు బలశాలులు వలయును. చిన్న దుప్పియైనచో నాలుగు కాళ్లు కట్టి, వాసమునకు వ్రేలాడదీసి, ఇరువురు భుజములకెత్తుకొందురు. విల్లు వంచినవాడు ఒక్కడు; మోసినవారు పలువురు. ఈ లెక్క ఏ ప్రబంధమునను లేదు.

ఈ పనిని కన్నులార చూపిన కథ మనకు ఒక్కటి కలదు. అది భక్తికథ యగుటచేత దానిలోని వేటపనిని ఎవరును గమనింపరు. తిన్నని కథ. తమిళమున 12వ శతాబ్దమున సేక్కిళార్ రచించిన పెరియపురాణమును, తెలుగున 16వ శతాబ్దమున ధూర్జటి రచించిన శ్రీకాళహస్తి మాహాత్మ్యమును ఆ కథను చెప్పినవి. తిన్నడు పొత్తపినాటి బోయపల్లె దొరబిడ్డ. పొత్తపి కడపసీమలోనిది, నెల్లూరేలిన తెలుగు చోడులు మధురాంతక పొత్తపి చోళులని బిరుదు ధరించినవారు. కావున తిన్నని అడవి మన కొండలకు పరాయిది కాదు. పెరియపురాణము ప్రకారము తిన్నడు ఒక పందిని తరిమి తరిమి కత్తితో కూల్చును. అప్పుడు వెంటనున్న ఇరువురు చెలికాండ్రు ఏమందురు? జయజయధ్వానములు చేయరు. చాలదూరము వచ్చితిమి, ఆకలిగా నున్నది, దీనిని కాల్చి తిని నీళ్లు త్రాగి పోవుదమందురు. నీరెచ్చటనని తిన్నడు అడుగును. స్వర్ణముఖి దాపుననే ఉన్నదని తెలిసికొని పందిని మోసికొని ఏటియొడ్డుకు పోవుదురు. ఒకడు కొయ్యను కొయ్యతో మథించి నిప్పు పుట్టించును. నీరు, నీడ, నిప్పు! ఇంతకంటె ఉచితమైన క్రమమును నేటి నిపుణుడును చెప్పజాలడు. తరువాత తిన్నడు కండలను అమ్ముమొనకు గ్రుచ్చి కాల్చి, ఏది మెత్తనో ఏది రుచియో నోట నమిలి చూచి, మేలైన ముక్కలను ఆకుదొన్నెలో పెట్టి స్వామికి కొనిపోవును. అర్చకుడు మఱునాడు గుడిలో ఎముకలను చూచి విలపించును. ఎంగిలి యని ఆయన ఏవగించుకొన్నది వేటకాని పరీక్ష. చెడినదా మంచిదా అని తెలియుటకు అడవిలో నాలుక తప్ప సాధనము లేదు.

రాజుల వంటశాలలోను ఈ పని మొఱకుపనిగా ఎంచబడలేదు. కల్యాణి చాళుక్యరాజు 3వ సోమేశ్వరుడు 1130 ప్రాంతమున సంస్కృతమున రచించిన మానసోల్లాసమున వేట వినోదములే గాక పందిమాంసమును సిద్ధపఱచు తెఱగును వ్రాసెను. తెల్లని గుడ్డ కప్పి మరిగిన నీరు పోసి వెండ్రుకలు ఊడదీయుట ఒక పద్ధతి, గడ్డి మంటపై కమరజేయుట మరియొకటి. సింహాసనమున కూర్చున్నవాడు గడ్డిమంట సంగతి వ్రాసినాడన్నచో, దగ్గఱ నిలిచి చూచియుండవలెను.

కోయువాని గౌరవమును గూర్చి మన ప్రాంతపు కవియే ఒక గొప్ప కథను తెలుగు చేసెను. పాకనాటివాడైన ఎఱ్ఱాప్రగడ పూరించిన అరణ్యపర్వశేషములోనిది ధర్మవ్యాధుని కథ. మిథిలలో మాంసము అమ్మి బ్రతుకు ఆ ధర్మవ్యాధుడు తాను చంపడు, తినడు. ఇతరులు చంపి తెచ్చినదానిని అమ్మును. అతనియొద్దకు బ్రాహ్మణుడు ధర్మము తెలిసికొనవచ్చును. చంపువాడు వేఱు, అమ్మువాడు వేఱు అను వృత్తివిభాగము అంత ప్రాచీనమైనదని ఆ కథ వలన స్పష్టమగుచున్నది.

ఇక ఉదయగిరి. 1513లో ముట్టడి మొదలుపెట్టి 1514లో కృష్ణదేవరాయలు ఈ దుర్గమును గజపతుల నుండి గైకొనెను. కొండకు త్రోవలేక బండలు పగులగొట్టి బాటలు వేయించెనని వ్రాసినవాడు పోర్చుగీసు గుఱ్ఱముల వర్తకుడు నూనిజ్. ఇతడు 1535, 1537 సంవత్సరముల నడుమ విజయనగరమున నుండెను. అతని వ్రాతలో ఇంకొక వాక్యము మమ్ము ఎంతయో ఆకర్షించినది. రాజధాని అంగళ్లలో జింక, పంది, కుందేలు, కౌజు మొదలు పిచ్చుక వఱకు అమ్ముడుపోవుననియు, వేటసరకు మాత్రము ప్రాణముతోనే అమ్మవలెననియు, కొనువాడు తానేమి కొనుచున్నాడో తెలిసికొనుటకే ఆ కట్టుబాటనియు అతడు చెప్పును. గొప్ప చట్టము! చచ్చిన జింక ఎప్పుడు చచ్చినదో చెప్పదు. బ్రతికిన జింక దాచలేదు. ఎండ దేశములో ఇంతకు మించిన పరీక్ష లేదు. ప్రబంధములలో వేట వలలతోను ఉచ్చులతోను మొదలగుటకు కారణము మాకు ఇచ్చట తెలిసినది. వలలో చిక్కినది అంగడికి, అమ్ముతో కూలినది ఆ పూట పొయ్యికి.

ఆ పొయ్యి ఒక్క ఇంటిది కాదు. నల్లమల చెంచుల నడుమ 1940లో నివసించి పరిశోధించి, 1943లో గ్రంథము ప్రకటించిన హైమన్‌డార్ఫ్ వారిని విల్లమ్ములతో బ్రతుకు అడవిజనముగా వర్ణించెను. వారి చిన్న ఊరిని పెంట యందురు. పెద్ద మృగము పడినచో పెంటలోని ఇండ్లన్నింటికి పంపకము. దీనిని దానగుణమని పొగడుట కంటె అవసరమని గ్రహించుట మేలని మా అభిప్రాయము. 100 కిలోల మాంసమును ఒక కుటుంబము రెండు దినములలో తినలేదు, మూడవనాటికి అది నిలువదు. నేడు ఇచ్చినవాడు రేపు పుచ్చుకొనును. పొరుగువాని కడుపే వారికి గాదె. ఎండ వారికి పంపకము నేర్పెను.

ఇట్టి జనము మన సీమలోను మొదటినుండి కలరు. 848 నాటిదని పండితులు నిర్ణయించిన అద్దంకి శాసనమున, పండరంగడను చాళుక్య సేనాని పండ్రెండు బోయకొట్టములను పట్టుకొనెననియు, కందుకూరిని బెజవాడవలె చేసెననియు ఉన్నది. కందుకూరు వరికుంటపాటికి ఇరుగుపొరుగు. తెలుగుపద్యపు తొలి శాసనములలో ఒకదానిలో బోయలు ఓడినవారుగా ప్రవేశించిరి! కృష్ణరాయలు మాత్రము ఆముక్తమాల్యదలో అడవిజాతులను కోపముతో గాక ఆదరముతో, మాట తప్పని నడవడితో చేరదీయవలెనని రాజనీతి చెప్పెను. ఉదయగిరి కొండలలో ఏడాదికి పైగా విడిసినవాని అనుభవము ఆ మాటలలో లేదని ఎవరనగలరు?

పంపకమును మార్చినది ఉప్పు. మాంసమును పొడవుగా చీరి, ఉప్పు పసుపు పట్టించి, త్రాళ్లపై ఎండబెట్టినచో ఉప్పుకండ యగును. అది నెలలు నిలుచును. బరువు తగ్గును, మోత తేలికయగును. ఏ ఎండ మాంసమును చెఱచునో ఆ ఎండయే ఉప్పు తోడైనచో దానిని కాపాడును. ఉప్పు ఇసకపల్లి వంటి సముద్రతీరపు మళ్లలో పండును, కొండసీమలో పండదు. తీరము నుండి లోపలి ఊళ్లకు దానిని గాడిదలపైనను ఎద్దులపైనను చేర్చినవారిలో ఎఱుకలవారు ముఖ్యులు. ఉప్పు దించి ధాన్యమో అడవిసరకో ఎత్తుకొని పోవుట వారి బేరము. 1805లో మద్రాసు ప్రభుత్వము ఉప్పు వ్యాపారమును తన గుత్తము చేసికొనెను. ఆ శతాబ్దపు ఉత్తరార్ధమున రైలు వచ్చెను. వారి ఎద్దులకు పని పోయెను. తిరుగుట మానలేనివారిని అనుమానించు చట్టము, నేరస్థజాతుల చట్టము, 1911లో మద్రాసు రాజధానికి వచ్చెను. మన తాతల పొయ్యికి ఉప్పు మోసినవారు పోలీసు హాజరుపట్టీలో పేరు పలుకవలసినవారైరి. ఈ సంగతి వ్రాయుచు మేము కొంతసేపు కలము నిలిపితిమి.

అడవికిని అట్లే జరిగెను. 1882 నాటి మద్రాసు అడవుల చట్టము రిజర్వు అడవులలో నిబంధనలకు విరుద్ధముగా వేటాడుటను, ఉచ్చులొడ్డుటను నేరము చేసెను. అనుమతి పత్రము గల దొరలకును జమీందారులకును వేట నడచుచునే యుండెను. లండనులో రోలండ్ వార్డ్ 1892లో ప్రచురింప నారంభించిన పట్టికలలో కొమ్ముల పొడవులు అంగుళములతో ఎక్కుచుండెను. తోళ్లు ఉప్పు పట్టించుకొని మైసూరులోని వాన్ ఇంజెన్ వారి పనిశాలకు పోయి, గోడలకెక్కినవి. కొమ్ము దొరది, తోలు దొరది. మాంసము మోసినవారి పేరు ఆ పట్టికలలో వెదకుట వ్యర్థము. అడవిలో మృగములు తగ్గిన పాపము మాత్రము విల్లు పట్టినవాని మీదనే పడినది. తుపాకియు, గొడ్డలియు, కొట్టిన అడవి స్థానమున లేచిన చేలును చేసిన నష్టమెంతయో, ఉచ్చు చేసినదెంతయో తూచిచూచిన న్యాయాధికారి లేడు. విల్లు వలన నష్టము లేదనుట మా తాత్పర్యము కాదు; తూనికలో రెండు తట్టలుండవలెనని మాత్రమే.

1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టము దొరకును బోయకును ఒక్కటే మాట చెప్పెను. కణుజు, దుప్పి, జింక వేటలు నేరములైనవి. ఆ చట్టము రావలసినదే. రాకున్నచో ఈపాటికి కణుజు ప్రబంధములలో మాత్రమే మిగిలియుండెడిది. అయితే అమ్ముమొనతో కండ కోసి, ఏ ముక్క ఎవరి ఇంటికో ఎఱిగిన విద్య ఒక్క తరములో నోరు మూసికొనెను.

ఆత్మకూరునకు దక్షిణమున ఇదే వెలికొండలలో పెంచలకోన కలదు. అచ్చటి నరసింహస్వామి చెంచుదొర కూతురు చెంచులక్ష్మిని చూచి వలచి, ఈ అడవిలోనే నిలిచిపోయెనని స్థలకథ. వేటకాని అల్లుడైన ఆ దేవుని చుట్టునున్న కొండలను 1997లో ప్రభుత్వము పెనుశిల నరసింహ అభయారణ్యముగా ప్రకటించెను.