ప్రామాణికులును ప్రమాణమును

గణితము చెప్పిన మాటకు దిరుగులేదని లోకులు నమ్ముదురు. గణితము తప్పదు, కాని దానికి మనము మొదట నప్పగించిన ప్రతిజ్ఞ తప్పవచ్చును. ఇందులకు క్వాంటమ్ శాస్త్రచరిత్రమున నొక నిదర్శనము కలదు.

పరమాణువును గొలిచినప్పుడు వచ్చు ఫలితమును ఈ శాస్త్రము సాధారణముగా నిశ్చయించి చెప్పదు. సంభావ్యతను మాత్రమే చెప్పును. ఈ యనిశ్చయము వస్తుస్వభావమా? లేక మనకు దెలియని గుప్తకారణము లున్నవా? 1932లో మహాగణితజ్ఞుడగు జాన్ ఫాన్ నాయ్‌మన్ తన గ్రంథమున, అట్టి కారణములు క్వాంటమ్ శాస్త్రముతో బొసగవని యుపపత్తి చూపెను. వివాద మంతటితో ముగిసెనని పండితులు పెక్కురు తలచిరి.

1935లో గ్రేటె హెర్మన్ అను జర్మను విదుషి దానిని బరీక్షించెను. ఆమె గోటింగెన్‌లో ఎమ్మీ నోథర్‌కు శిష్యురాలు. గణితమునను, కాంటు దర్శనమునను గృషిచేసినది. లైప్‌జిగ్‌నకు బోయి హైసెన్‌బర్గు మండలితో జర్చించినది.

ఆమె చూపిన దోష మిది. రెండు పరిమాణముల మొత్తముయొక్క సగటు, వాని సగటుల మొత్తమునకు సమానమను నియమము క్వాంటమ్ శాస్త్రమున నిజమే. కాని యా రెండును ఏకకాలమున గొలువరానివైనచో, వాని మొత్తమును వేఱొక యుపాయముతో గొలువవలెను. సగటులకు జెల్లిన నియమము, గుప్తకారణములచే నిర్ణీతమైన ప్రతి స్థితికిని జెల్లవలెనను నిర్బంధ మెక్కడిది? దానిని ముందే యొప్పుకొన్నచో, సాధింపవలసినదానినే హేతువుగా గ్రహించినట్లగును. మన నైయాయికులు దీనిని సాధ్యసమ మందురు.

ఆ మాటను నాడు పట్టించుకొన్నవారు మిక్కిలి కొలది. ఆమె వ్యాసము భౌతికశాస్త్రజ్ఞు లంతగా జదువని సంపుటమున వెలువడుటయు, ప్రతివాది కీర్తియు నిందుకు గారణములు కావచ్చును. స్త్రీ యగుటయు నొక కారణమా యను ప్రశ్నయు గలదు. నాజీలకు విరోధి యగుటచే నామె దేశమును విడిచిపోయెను. 1952లో డేవిడ్ బోమ్ గుప్తకారణములుగల సిద్ధాంతమునే నిర్మించి చూపెను. 1966లో వెలువడిన వ్యాసమున జాన్ బెల్ ఆ యుపపత్తియందలి దోషమును స్వతంత్రముగా బయటబెట్టెను.

అంతకుముందే, 1964లో, బెల్ మఱియొక మార్గము చూపెను. ఒకచోటి కొలత దూరవస్తువును దక్షణమే మార్పజాలదను గుప్తకారణవాదములను బ్రయోగమున బరీక్షింప వచ్చునని యాయన తెలిపెను. 1972లో క్లౌజర్, ఫ్రీడ్‌మన్‌లును, 1982లో ఆస్పే బృందమును జేసిన ప్రయోగములు క్వాంటమ్ పక్షమునే బలపఱచెను. క్లౌజర్, ఆస్పే, జైలింగర్‌లకు 2022లో నోబెల్ బహుమాన మిచ్చిరి. దూరప్రభావము నంగీకరించు బోమ్ మార్గము మాత్రము నేటికిని నిలిచియే యున్నది.

హెర్మన్ గుప్తకారణము లున్నవని వాదింపలేదు. లేవని ఋజువు కాలేదని మాత్రమే చూపినది. ఈ రెంటికిని గల భేదమును గుర్తించుటయే వివేకము. నాయ్‌మన్ వంటివాని వాక్యమునకే పరీక్ష యవసరమైనప్పుడు, మన యిండ్లలో నాడపిల్ల “ఎందుచేత?” నని యడిగిన వేళ “పెద్దలు చెప్పిరి” అనుట యెట్లు సమాధాన మగును?