అశోకుని దారులు: నేరేడు నీడ నుంచి ఎర్రగుడి దాకా

ఢిల్లీకి పనిమీద వచ్చే తెలుగువారిలో చాలామందికి నోటికొచ్చిన చిరునామా 1, అశోకా రోడ్. ఆంధ్రా భవన్ అక్కడే. క్యాంటీన్‌లో పప్పు, పొడి, పచ్చడి, నెయ్యితో భోజనం ముగించి, ఆటో ఎక్కి ఎవరి పనికి వారు వెళ్లిపోతారు. రోడ్డుకు ఎవరి పేరు పెట్టారో అందరికీ తెలుసు. ఆ పేరుగల మనిషికి అసలు రోడ్లతో ఉన్న సంబంధం గురించి మాత్రం మనలో మాట్లాడుకునేవారు తక్కువ. మనం చదవగలిగిన తొలి రాజశాసనాల్లోనే దారి పక్క చెట్టు, బావి, నీడ ప్రస్తావనకు వచ్చాయి. రాయించినవాడు అశోకుడు.

ఈ రోడ్డు పొడవునా నేరేడు చెట్లున్నాయి. 1931లో ప్రారంభమైన కొత్త ఢిల్లీ కోసం బ్రిటిష్‌వారు ఒక్కో రోడ్డుకు ఒక్కో జాతి చెట్టును ఎంచి నాటించారు. అశోకా రోడ్‌కు నేరేడు వచ్చింది. వానాకాలం మొదట్లో కాలిబాట అంతా ఊదారంగు మరకలే. నేరేడును పాళీలో జంబు అంటారు. దుక్కి పండుగనాడు బాలుడైన సిద్ధార్థుడు తొలిసారి ధ్యానంలో కూర్చున్నది జంబు చెట్టు నీడనే అని మన సాహిత్యం చెబుతుంది. అశోకుడు తన దేశాన్ని పిలిచిన పేరు కూడా జంబుదీపమే. తోటమాలులకు ఈ సంగతి తెలిసి ఉంటుందని మేము అనుకోము. కాకతాళీయమే. అయినా బాగుంది.

విండ్సర్ ప్లేస్ కూడలి దగ్గర అశోకా రోడ్, ఫిరోజ్ షా రోడ్ కలుస్తాయి. ఆ ఇద్దరూ చరిత్రలోనూ ఒకచోట కలిశారు. 14వ శతాబ్దంలో సుల్తాన్ ఫిరోజ్ షా తుగ్లక్ నేటి హర్యానాలోని తోప్రా నుంచి ఒకటి, మీరట్ నుంచి ఒకటి, రెండు అశోక స్తంభాలను ఢిల్లీకి తెప్పించాడు. తోప్రా స్తంభం ప్రయాణాన్ని షమ్స్ సిరాజ్ అఫీఫ్ అనే చరిత్రకారుడు వివరంగా రాశాడు. స్తంభం పడేటప్పుడు దెబ్బతినకుండా కింద బూరుగు దూది పరిచారు. రెల్లుతో, పచ్చి తోళ్లతో చుట్టారు. 42 చక్రాల బండి చేయించి, ఒక్కో చక్రానికి తాడు కట్టి వందలమంది లాగారు. యమున దాకా అలా లాగి, అక్కడినుంచి పడవల మీద తెచ్చారు. చెమట ఎవరిదో మనం ఊహించుకోవచ్చు. ఇంత చేసినా ఆ రాతను చదవగలిగినవాడు దొరకలేదు. పిలిపించిన పండితులు, ఫిరోజ్ తప్ప ఎవరూ ఈ స్తంభాన్ని కదపలేరని ఇందులో రాసి ఉందని చెప్పారట! ఊరి జనమైతే అవి భీముడు పశువులు తోలిన చేతికర్రలని నమ్మారు. మన దగ్గర కొండ గుహ కనబడితే పాండవులు ఉన్నారని చెప్పడం లాంటిదే ఇది. 1837లో జేమ్స్ ప్రిన్సెప్ బ్రాహ్మీ లిపిని ఛేదించేదాకా ఆ రాతి మాట మూగగానే ఉండిపోయింది.

ఆంధ్రా భవన్ నుంచి ఫిరోజ్ షా కోట్లా నడిచి వెళ్లగల దూరమే. తోప్రా స్తంభం అక్కడ మూడంతస్తుల కట్టడం మీద ఉంది, ఎత్తు సుమారు 13 మీటర్లు. గురువారం నాడు వెళితే మరో దృశ్యం కనిపిస్తుంది. కింది గదుల్లో దీపాలు పెట్టి, తమ కష్టాలు కాగితాల మీద రాసి, కోటలోని జిన్నులకు అర్జీలు పెట్టుకునే జనం వస్తారు. లాట్ వాలే బాబా అని పిలుచుకుంటారు. లాట్ అంటే స్తంభమే. ఆ నమ్మకాన్ని మేము ఒప్పుకోము. అయితే తలెత్తి చూస్తే అదే స్తంభం మీద ఒక రాజు తన గ్రామీణ అధికారులైన రాజుకులకు ఇచ్చిన ఆదేశం ఉంది. బిడ్డను నేర్పరి దాది చేతికి అప్పగించి తల్లిదండ్రులు నిశ్చింతగా ఉన్నట్టు, పల్లె ప్రజలను మీకు అప్పగించానని అందులోని సారం. అర్జీ వినవలసినవారు ఎవరో ఆ రాయికి తెలుసు.

మన విషయానికి ముఖ్యమైనది ఏడవ స్తంభ శాసనం. పట్టాభిషేకం అయిన 27 ఏళ్లకు రాయించినది. పూర్తి పాఠం ఈ ఒక్క స్తంభం మీదే మిగిలింది. అందులో అశోకుడు తాను చేసిన పనులు లెక్క చెబుతాడు. మనుషులకు, పశువులకు నీడ కోసం దారుల వెంట మర్రిచెట్లు నాటించాడు. మామిడి తోటలు వేయించాడు. కొంత కొంత దూరానికి బావులు తవ్వించాడు. ఆ దూరం అర క్రోసా, ఎనిమిది క్రోసులా అన్న దాని మీద పండితులు ఇంకా వాదించుకుంటున్నారు. విశ్రాంతి స్థలాలు, చలివేంద్రాలు పెట్టించాడు. ఇదంతా చెప్పి, ఇలాంటి సౌకర్యాలు పాత రాజులు కూడా కల్పించారు, ఇవి చిన్న సంగతులే, జనం ధమ్మంలో నడవాలన్నదే నా ఉద్దేశం అంటాడు. తన పనిని తానే తక్కువ చేసి చెప్పుకున్న పాలకుడు మనకు ఎంతమంది దొరుకుతారు?

మనుషులకు, పశువులకు అన్న మాట దగ్గర మనం కాసేపు ఆగాలి. ఏ మనుషులకు అన్న మెలిక అందులో లేదు. దారిలో పోయేవాడికి దాహం వేస్తుంది, బావి ఉంది, అంతే. ఆ తర్వాత కొన్ని వందల ఏళ్లలో ఇదే దేశంలో బావికి కులం వచ్చింది. వీధికి కులం వచ్చింది. చెప్పులు చేతపట్టుకుని నడవాల్సిన వీధులు మన తాత ముత్తాతలకు తెలుసు. 1923లో బొంబాయి శాసనమండలి ప్రభుత్వ నీటివనరులు అందరికీ తెరవాలని తీర్మానం చేసినా, 1927 మార్చి 20న బాబాసాహెబ్ వేలమందితో నడిచివెళ్లి మహద్ చవదార్ చెరువు నీళ్లు తాగవలసి వచ్చింది. స్వరాజ్యం వచ్చాక కూడా, 1985 జూలైలో కారంచేడులో గొడవ మొదలైంది మాదిగల మంచినీళ్ల చెరువు దగ్గరే. గేదెల కుడితి నీళ్లు తాగే నీటిలో కలుపుతున్నారని అడిగినందుకు, నీళ్లకు వచ్చిన మున్నంగి సువార్త తన బిందె ఎత్తినందుకు, జూలై 17న ఊరి మీద పడి చంపారు. అశోకుని బావి గురించి రాసేటప్పుడు ఇది రాయకుండా పోతే అది చరిత్ర కాదు, పర్యాటక శాఖ కరపత్రం అవుతుంది.

ఢిల్లీలోని రెండో స్తంభం, మీరట్ నుంచి వచ్చినది, ఉత్తరాన రిడ్జ్ అడవిలో బారా హిందూ రావు ఆసుపత్రి దగ్గర ఉంది. 18వ శతాబ్దం మొదట్లో మందుగుండు పేలి అది ఐదు ముక్కలైంది. 1867లో అతికి నిలబెట్టారు. చుట్టూ తుమ్మ చెట్లు, కోతులు, పొద్దున నడకకు వచ్చేవారు. అక్కడినుంచి కొండ దిగితే సివిల్ లైన్స్, 26 అలీపూర్ రోడ్. బాబాసాహెబ్ 1956 డిసెంబర్ 6న కన్నుమూసిన ఇల్లు అది. ఈ రెండింటినీ ఒకే పూట నడిచి చూడవచ్చని మేము మన ఉపాసకులకు చెబుతుంటాము.

మూడోది దక్షిణ ఢిల్లీలో, కాల్కాజీ గుడికి దగ్గర్లో బహాపూర్ బండ. 1966లో బయటపడింది. ఆరావళి రాతి వాలు మీద పది వరుసల లఘు శాసనం, ఇప్పుడు పైకప్పు కింద ఉంది. పాలిష్ స్తంభం కాదు, రాజముద్ర కాదు, మామూలు బండ. పాత వర్తక మార్గం ఇటుగా పోయేది గనుక ఇక్కడ చెక్కించారని చరిత్రకారులు చెబుతారు. ఉపాసకుడినై రెండున్నరేళ్లు దాటింది, మొదట్లో పెద్దగా పట్టుదల చూపలేదు, సంఘానికి దగ్గరయ్యాక గట్టిగా శ్రమించానని రాజు ఒప్పుకుంటాడు. ఈ ఫలం గొప్పవారికే కాదు, శ్రమిస్తే చిన్నవారికీ దక్కుతుందని అంటాడు. మా దృష్టిలో అశోకుని మాటలన్నిటిలో ఇదే బరువైనది.

ఇదే శాసనం మన తెలుగు నేల మీద కూడా ఉంది. కర్నూలు జిల్లాలో గుత్తి నుంచి పత్తికొండ పోయే దారిలో ఎర్రగుడి బండల మీద పద్నాలుగు పెద్ద శాసనాలు, లఘు శాసనాలు కలిసి ఉన్నాయి. 1929లో లోకానికి తెలిశాయి. పక్కనే జొన్నగిరి. అశోకుని కాలపు సువర్ణగిరి ఇదేనని కొందరు చరిత్రకారుల అభిప్రాయం. తొలకరి వాన పడగానే వజ్రాల కోసం జనం పొలాలు గాలించే ప్రాంతం అది. ఎర్రగుడి లఘు శాసనంలో ఒక వింత ఉంది. కొన్ని వరుసలు ఎడమ నుంచి కుడికి, మరికొన్ని కుడి నుంచి ఎడమకు నడుస్తాయి. దుక్కిలో ఎద్దులు సాలు చివర తిరిగి వచ్చినట్టు! చెక్కినవాడు ఎందుకలా చేశాడో గాని, రైతు ఎవరైనా ఆ రాతను చూస్తే వెంటనే పట్టేస్తాడు. ఈ ప్రకటన వెలువడేనాటికి 256 రాత్రులు ప్రయాణంలో గడిచాయన్న లెక్క కూడా అక్కడ ఉందని పండితులు అర్థం చెబుతారు.

ఎర్రగుడిలోనే ఎనిమిదవ శిలాశాసనం ఉంది. పూర్వపు రాజులు వేట కోసం, వినోదం కోసం విహారయాత్రలు చేసేవారు. పట్టాభిషేకమైన పదేళ్లకు అశోకుడు సంబోధికి, అంటే బుద్ధగయకు వెళ్లాడు. అప్పటినుంచి ధమ్మయాత్రలు మొదలయ్యాయి. శ్రమణులను, బ్రాహ్మణులను, వృద్ధులను కలిసి దానాలు ఇవ్వడం, పల్లె ప్రజలను స్వయంగా చూడడం, వారితో ధమ్మం మాట్లాడడం ఆ యాత్రల్లో పని. అంతకుముందటి సుఖాలన్నిటికంటే ఇందులో ఎక్కువ ఆనందం ఉందంటాడు. మూడవ శాసనం ప్రకారం అధికారులు కూడా ఐదేళ్లకోసారి ఊళ్లు తిరగాలి. వినోదయాత్రకు, ధమ్మయాత్రకు తేడా ఎదురుగా ఎవరిని చూస్తున్నామన్న దాంట్లో ఉంది. అడవిలో జింకనా, ఊళ్లో మనిషినా? ఈ రోజుల్లో అడవుల్లో, పాత ఊళ్లలో నడక యాత్రలు పెరిగాయి. మంచిదే. కాని ఊరి చివరి వాడలోకి ఆ గుంపులు ఎప్పుడైనా అడుగుపెట్టాయా అని మేము అడుగుతుంటాము.

విశాఖ దగ్గర భీమిలి దారిలో తొట్లకొండ, బావికొండ ఉన్నాయి. భిక్షువులు వాననీరు పట్టుకోవడానికి రాతిలో తొలిచిన తొట్ల వల్ల ఒకదానికి, బావుల వల్ల మరొకదానికి ఆ పేర్లు వచ్చాయి. ఆరామం పేరు, అందులో ఉన్న ఆచార్యుల పేర్లు జనం మరిచిపోయారు. నీళ్లు మాత్రం గుర్తుపెట్టుకున్నారు. 1980లలో తవ్వకాలు జరిగేదాకా ఆ కొండలకు ఆ రెండు పేర్లే ఆనవాళ్లు.

ఎర్రగుడికి వెళ్లదలచినవారు ఎండాకాలం మానుకుని వానల తర్వాత వెళ్లండి. పొద్దు వాలుగా ఉన్నప్పుడు, ఉదయమో సాయంత్రమో అయితేనే బండ మీది అక్షరాలు కంటికి ఆనుతాయి. మిట్ట మధ్యాహ్నం రాయి తప్ప ఏమీ కనబడదు. నీళ్లు వెంట తీసుకెళ్లండి.