శరణార్థుల ఆశ్రయ వ్యయం

యుద్ధం, హింస, కరువు వంటి కారణాలతో సొంత చోటు విడిచి వచ్చినవారికి నీడ, తిండి, వైద్యం సమకూర్చడానికయ్యే ఖర్చు. దీన్ని కేంద్రం, రాష్ట్రం, స్థానిక సంస్థల్లో ఎవరు మోయాలో చెప్పే ప్రత్యేక చట్టం భారతదేశంలో లేదు. 1951 నాటి ఐక్యరాజ్యసమితి శరణార్థుల ఒడంబడికపై భారత్ సంతకం చేయలేదు.

మెదక్ ఉదంతం

మెదక్ పట్టణంలో ఈ విషయానికి దగ్గరగా వచ్చేది కెథడ్రల్ కథ. ఇరవయ్యో శతాబ్ది తొలినాళ్లలో కరువు పడినప్పుడు వెస్లియన్ మెథడిస్టు మిషనరీ చార్లెస్ వాకర్ పోస్నెట్ ఆకలితో వచ్చినవాళ్లకు ఊరికే అన్నం పెట్టకుండా చర్చి కట్టడంలో పని చూపించి, తిండి పెట్టారు. 1914లో మొదలైన నిర్మాణం ముగిసి 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగింది. రాజ్యం నిజాంది, డబ్బు మిషన్‌ది. 175 అడుగుల గోపురం చార్మినార్‌ను మించిందని నిజాం కినుక వహించినట్లు ఊళ్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ కరువులో ప్రజలను పోషించాల్సిన బాధ్యత ఎవరిదన్న మాట మాత్రం ఆ ముచ్చట్లలో పెద్దగా రాదు.

రాజ్యాంగం

ఏడో షెడ్యూలు ప్రకారం విదేశీయులు, పౌరసత్వం, దేశంలోకి ప్రవేశం, బహిష్కరణ కేంద్ర జాబితాలోవి. భూమి, ప్రజారోగ్యం, స్థానిక పాలన రాష్ట్ర జాబితాలోవి. ఉమ్మడి జాబితాలోని 27వ అంశం సహాయ పునరావాసాల గురించే అయినా, దేశ విభజన వల్ల నిరాశ్రయులైనవారికే పరిమితం. అంటే రానివ్వాలా వద్దా అన్నది ఢిల్లీ తేలుస్తుంది. వచ్చినవాళ్లకు జాగా చూపాల్సింది తహసీల్దారు. తగాదాకు మూలం ఇదే.

తెలుగు నేలపై

కేంద్రం ముందుకొచ్చిన చోట పని నడిచింది. తూర్పు పాకిస్తాన్ నుంచి వచ్చిన బెంగాలీ కుటుంబాలు కాగజ్‌నగర్ పక్కన ఈస్‌గాం, నజ్రుల్‌నగర్ ప్రాంతంలో స్థిరపడ్డాయి. 1962 సైనిక తిరుగుబాటు తర్వాత బర్మా నుంచి తిరిగివచ్చిన తెలుగువారి జ్ఞాపకం విశాఖ కంచరపాలెంలోని బర్మా క్యాంపు పేరులో నిలిచింది. బర్మా, శ్రీలంకల నుంచి వచ్చినవారికి అప్పులివ్వడానికి 1969లో రెప్కో బ్యాంకు పెట్టారు. దాని వాటాల్లో కేంద్రంతో పాటు ఆంధ్రప్రదేశ్ సహా దక్షిణాది రాష్ట్రాలూ చేరాయి. ఖర్చు పంచుకోవడానికి ఇది పనికొచ్చే నమూనాయే. తర్వాత ఎవరూ దాని జోలికి పోలేదు.

1971లో బంగ్లాదేశ్ శరణార్థులు కోటి మంది దాకా వచ్చినప్పుడు కేంద్రం దేశమంతటి నుంచీ వసూలు చేసింది. నవంబరు 15 నుంచి ఉత్తరాలపై మామూలు తపాలా బిళ్లతో పాటు 5 పైసల శరణార్థి సహాయ బిళ్ల కూడా అంటించాల్సి వచ్చింది. కొత్త బిళ్లలు చేతికందేలోపు పాత కుటుంబ నియంత్రణ బిళ్లల మీదే ఆ మాట అచ్చొత్తి అమ్మారు. భారం సరిహద్దు రాష్ట్రాల మీదే పడకుండా చూసిన పద్ధతి ఇది.

ఆదివాసులైన గుత్తికోయల సంగతి ఇందుకు పూర్తిగా భిన్నం. 2005 నుంచి మావోయిస్టు వ్యతిరేక సాయుధ బృందం సల్వాజుడుం హింసకు భయపడి ఛత్తీస్‌గఢ్‌లోని దక్షిణ బస్తర్ వదిలి అప్పటి ఖమ్మం జిల్లా అడవులకు వచ్చారు. దేశం సరిహద్దు దాటలేదు కాబట్టి శరణార్థులు కారు. ఇక్కడ గిరిజన గుర్తింపూ లేదు. అటవీ హక్కుల చట్టం 2005 డిసెంబరు 13కు ముందు సాగులో ఉన్నవారికే పోడు పట్టా ఇస్తుంది కాబట్టి ఆ దారీ మూసుకుపోయింది. ఛత్తీస్‌గఢ్ తన మనుషులు వెళ్లిపోయారంటే, తెలంగాణ వాళ్లు తన మనుషులు కారంటుంది. గుడిసెలు వేసుకున్న చోటల్లా అటవీ సిబ్బందితో పేచీ.

హైదరాబాద్ శివారు బాలాపూర్, పహాడీషరీఫ్ ప్రాంతాల్లో, మయన్మార్ నుంచి వచ్చిన రోహింగ్యాల్లో చాలామంది ప్రైవేటు జాగాల్లో అద్దె కట్టి గుడిసెల్లో ఉంటున్నారు. చేతిలో ఐక్యరాజ్యసమితి శరణార్థి కార్డు ఉన్నా, కేంద్రం లెక్కలో వాళ్లు అక్రమంగా వచ్చినవాళ్లే. ప్రభుత్వ ఖర్చు ఏమీ లేదనడం సగం నిజమే. పిల్లలు చేరే సర్కారు బడి, కాన్పుకు వెళ్లే ఆస్పత్రి రాష్ట్ర ఖాతాలోవే. దానికి పద్దు ఉండదు, అంతే.

పంపకం ఎలా

తమిళనాడు 1983 నుంచి శ్రీలంక తమిళుల శిబిరాలు నడుపుతూ, ఖర్చు కేంద్రం నుంచి రాబట్టుకుంటోంది. జర్మనీలో తొలిసారి ఆశ్రయం కోరినవారి కోసం తలకు 7,500 యూరోల చొప్పున 2024 నుంచి కేంద్రం రాష్ట్రాలకు ఇస్తోంది. ప్రవేశంపై నిర్ణయం ఎవరిదో ఖర్చులో పెద్ద వాటా వారిదే కావాలి; జాగా, బడి, నీళ్లు రాష్ట్రం చూసుకోవాలి. మున్సిపాలిటీకి ముందుగా నిధులివ్వకుండా పని అప్పగించడం అన్యాయం. 2011 లెక్కల్లో అరలక్ష జనాభా కూడా లేని మెదక్ లాంటి పట్టణం తన పన్నులతో శిబిరం నడపలేదు.

తలుచుకుంటే దారి దొరుకుతుందని 2020 కోవిడ్ లాక్‌డౌన్ చూపించింది. మెదక్ జిల్లాలోని తూప్రాన్, రామాయంపేటల మీదుగా పోయే 44వ నంబరు జాతీయ రహదారి వెంట వలస కూలీలు ఉత్తరాదికి నడక సాగించిన రోజులవి. వారి వసతి, భోజనాలకు రాష్ట్ర విపత్తు స్పందన నిధి వాడుకోవచ్చని మార్చి 28న కేంద్ర హోంశాఖ అనుమతించింది. ఆ నిధిలో తెలంగాణ వంటి రాష్ట్రాలకు కేంద్రం వాటా 75 శాతం. ఆ అనుమతి లాక్‌డౌన్‌లో చిక్కుకున్నవారి కోసమే ఇచ్చింది, గుత్తికోయలకు వర్తించదు.