అధిక సెకను తెచ్చిన చిక్కు

చాంద్రమానమునకును సౌరమానమునకును పొత్తు కుదుర్చుటకై మన పంచాంగకర్తలు అధికమాసమును ఏర్పరచిరి. అది ఎప్పుడు వచ్చునో ముందుగనే ప్రకటింతురు గనుక ఇంటింట దానికి తగిన ఏర్పాటు జరుగుచున్నది. ఆధునిక కాలగణనమున అట్టిదే అధిక సెకను. దానిని గూడ నెలల ముందుగనే ప్రకటించిరి. అయినను 2012లో అది అనేక కంప్యూటర్లను కలవరపెట్టినది. ఆ వృత్తాంతమును ఇచట వివరింప దలచితిమి.

1967లో సెకనునకు సీసియమ్ పరమాణువు ప్రమాణమైనది. దాని వికిరణము 9,19,26,31,770 సార్లు స్పందించు కాలమే సెకను. భూభ్రమణము అంత నికరమైనది కాదు. ఈ రెంటి నడుమ ఎడము పెరుగకుండుటకై 1972 మొదలు 2016 వరకు 27 అధిక సెకనులను చేర్చిరి.

కంప్యూటరులోని గడియారము వేడిమి హెచ్చుతగ్గులనుబట్టి ముందు వెనుకలగుచుండును. దీనిని సరిదిద్దుటకై అమెరికా శాస్త్రజ్ఞుడు డేవిడ్ మిల్స్ 1985లో ‘నెట్‌వర్క్ టైమ్ ప్రోటోకాల్’ అను విధానమును ప్రకటించెను. ప్రశ్న పంపిన వేళ, అది చేరిన వేళ, జవాబు బయలుదేరిన వేళ, అది అందిన వేళ — ఈ నాల్గింటినిబట్టి యంత్రము తన తప్పును లెక్కకట్టును. తప్పు స్వల్పమైనచో మెల్లగా సవరించుకొనును. అధిక సెకను రానున్నదను వార్త గూడ ఈ మార్గముననే అందును.

అంతర్జాతీయ కాలమానమున 2012 జూన్ 30 అర్ధరాత్రి, అనగా మన దేశమున జూలై 1 ఉదయము 5 గంటల 30 నిమిషములకు, ఆ సెకను వచ్చినది. యునిక్సు పోలికనే రూపొందిన లినక్సుతో నడచు సర్వర్లు దానిని చేర్చుకొన్నవి. కాని ఆ వ్యవస్థలో వేళను జెప్పు భాగము వేరు. నిద్రించు పనులను గడువునకు మేలుకొలుపు భాగము వేరు. మొదటిది ఒక సెకను వెనుకకు జరిగిన సంగతి రెండవదానికి తెలియలేదు. అందుచే సెకనులోపు గడువు గల పనులు కొన్ని పరుండక మునుపే లేచి, మరల పరుండి, మరల లేచినవి. యంత్రములు వృథాగా శ్రమించినవి. కొన్ని వెబ్‌సైట్లు స్తంభించినవి. ఆస్ట్రేలియాలో విమానప్రయాణికులు బారులు తీరి నిలువవలసి వచ్చినది.

నిర్వాహకులు గడియారమును పరీక్షింపగా అది సరిగనే యున్నది! రోగమెచటనో తోచలేదు. కడకు దొరికిన చికిత్స విచిత్రమైనది: గడియారమునకు అప్పుడున్న వేళనే మరల నిర్దేశించుట. ఆ ఆజ్ఞతో రెండవ భాగమునకు వార్త చేరి, అలజడి అణగినది. పిమ్మట మూలవ్యవస్థలోని ఆ లోపమును సవరించిరి.

తూనికలు కొలతల అంతర్జాతీయ మహాసభ, 2035 నాటికి ఈ రెండు కాలముల నడుమ ఇంకను హెచ్చు ఎడమును అనుమతింపవలెనని 2022లో తీర్మానించినది. అధిక సెకను ఇక అరుదగును. అయినను వేళను ప్రకటించుట వృత్తిలో భాగముగా గల మా బోంట్లకు అది నేర్పిన పాఠము మరువరానిది. సరియైన వేళను ఒకరెరిగిన చాలదు. దానిని నమ్మి పనిచేయు వారందరికిని అది అందవలెను.