‘గివ్ అప్’: తొమ్మిది శతాబ్దాల ప్రయాణం

1132లో ఇంగ్లండు రాజు మొదటి హెన్రీ పీటర్‌బరో మఠాధిపతిని పిలిపించాడు. ఆ మఠాధిపతి పేరూ హెన్రీయే. ఫ్రాన్సు నుంచి వచ్చినవాడు, రాజుకు బంధువు. స్వదేశంలో ఒక మఠం చేతిలో ఉండగానే 1127లో పీటర్‌బరోను కూడా సంపాదించుకున్నాడు. చివరికి పీటర్‌బరోను ఫ్రాన్సులోని క్లూనీ మఠానికి లోబరచాలని చూశాడు. రాజు అతని చేత పదవి వదిలించి దేశం దాటించాడు. ఈ సంగతిని పీటర్‌బరో క్రానికల్ అనే సంవత్సరవారీ చరిత్రలో నమోదు చేసిన సన్యాసి ‘వదిలించాడు’ అని చెప్పడానికి వాడిన క్రియ ‘గివెన్ ఉప్’. నేటి ‘గివ్ అప్’కు మనకు దొరికే తొలి ఆధారాల్లో అదొకటి.

ఆ వాక్యం పుట్టుక వెనుక ఒక అగ్నిప్రమాదం ఉంది. 1116లో పీటర్‌బరో మఠం కాలిపోయింది, పుస్తకాలూ పోయాయి. మఠవాసులు మరోచోటి నుంచి క్రానికల్ ప్రతి తెప్పించుకుని 1121 ప్రాంతంలో దానికి నకలు రాసుకున్నారు. ఆ లేఖకుడే 1131 దాకా కొనసాగించాడు. ఆ తర్వాత రెండు దశాబ్దాలకు పైగా అందులో ఎవరూ ఏమీ రాయలేదు. 1154 గడిచే వేళకు మరో లేఖకుడు కూర్చుని, నడిమి కాలపు సంగతులన్నిటినీ ఒక్క విడతలో పూర్తిచేశాడు. పాత ఇంగ్లీషు గ్రాంథిక మర్యాదలను అతను పట్టించుకోలేదు. తన చుట్టూ వినబడే భాషనే కాగితానికి బదులు తోలు మీద పెట్టాడు. ఇప్పుడు ఆక్స్‌ఫర్డ్‌లోని బోడ్లియన్ గ్రంథాలయంలో ఉన్న ఆ పుటల్లో ఇంగ్లీషు వ్యాకరణం మారుతున్న తీరు కళ్లకు కడుతుంది. ఇంగ్లీషు భాషా చరిత్రలో ఇంత తక్కువ నిడివిలో ఇంత సాక్ష్యం ఇచ్చిన రచన మరొకటి ఉందనుకోను.

అంతకుముందు ఇంగ్లీషులో ఇదే అర్థాన్ని మరో తీరులో చెప్పేవారు. ‘ఇచ్చు’ అనే క్రియకు ముందు ఉపసర్గ చేర్చితే ‘వదులుకొను’ అయ్యేది. హార శబ్దానికి ముందు ఆ, వి, ప్ర, సం చేరి వేర్వేరు అర్థాలు రావడం మనం బడిలోనే చదువుకున్నాం. పాత ఇంగ్లీషు పద్ధతీ అలాంటిదే. స్కాండినేవియా భాష అయిన నార్స్ మాత్రం అప్పటికే ఉపసర్గలను చాలావరకు పోగొట్టుకుంది. చిన్న అవ్యయాన్ని క్రియ తర్వాత పెట్టడం దాని అలవాటు. ‘గెఫా ఉప్’ అలా ఏర్పడ్డదే. తొమ్మిదో శతాబ్దం నుంచి తూర్పు ఇంగ్లండులో స్కాండినేవియా నుంచి వచ్చిన డేన్లు స్థిరపడ్డారు, పీటర్‌బరో వారి ప్రాబల్య ప్రాంతంలోనే ఉంది. అయితే ఇంగ్లీషులోనూ ఈ మొగ్గు ముందే కొంత ఉంది కాబట్టి, నార్స్ సంపర్కం దానికి బలం ఇచ్చిందనడమే సబబు. ‘గివ్’లోని గకారం కూడా అదే సంపర్కానికి సాక్ష్యం. ఇంగ్లండు సొంత ఉచ్చారణలో ఆ చోట యకారానికి దగ్గరి ధ్వని ఉండేది.

1066లో నార్మన్లు ఇంగ్లండును గెలిచిన తర్వాత ఆస్థానంలో, న్యాయస్థానంలో ఫ్రెంచి రాజ్యమేలింది. సరెండర్, అబాండన్, రిజైన్, రినౌన్స్, రిలింక్విష్ ఫ్రెంచి దారిన వచ్చాయి. అబ్డికేట్ లాటిన్ మూలం నుంచి చేరింది. యీల్డ్, ఫర్‌సేక్ మాత్రం ఇంటి మాటలే. గివ్ అప్‌కు పర్యాయపదాలుగా నేటి నిఘంటువులు వరుసగా చూపేవి ఇవే. కానీ ఒక్కొక్కదానికి ఒక్కొక్క అధికార పరిధి ఉంది. కోటనో, కౌలునో సరెండర్ చేస్తారు. పదవికి రిజైన్ చేస్తారు. హక్కును, మతాన్ని రినౌన్స్ చేస్తారు. అబ్డికేట్ ప్రధానంగా సింహాసనానికి చెందింది. 1936 డిసెంబరులో ఎనిమిదో ఎడ్వర్డ్ సింహాసనం వదులుకుంటూ సంతకం చేసిన పత్రంలో ఉన్న క్రియ రినౌన్స్, పార్లమెంటు చట్టం పేరులో ఉన్నది అబ్డికేషన్. వీధిలో జనం అనుకోవడానికి మాత్రం ‘గేవ్ అప్’ చాలు. మఠాధిపతి పదవి దగ్గర మొదలైన మాట, రాజు కిరీటం దగ్గర కూడా పనికొచ్చింది.

ఆ మాట వస్తువుల నుంచి మనసులోకి కూడా నడిచింది. పదవి, కోట, ఖైదీ ఇవన్నీ ఒకరి చేతి నుంచి మరొకరి చేతికి పోయేవి. ఆశ, ప్రయత్నం, అలవాటు వదిలితే పుచ్చుకునేవాడు ఉండడు. 1611 నాటి కింగ్ జేమ్స్ బైబిలు యేసు మరణాన్ని చెప్పే చోట ఈ క్రియనే వాడింది, అక్కడ వదిలింది ప్రాణం. మనమూ ప్రాణం విడిచాడనే అంటాం. ‘ఇవ్వడం’ అనే భావం పలచబడి, ‘ఇక లేదు’ అనే భావం చిక్కబడటానికి ‘అప్’ కారణం. అది ‘పైకి’ అనే అర్థాన్ని దాటి పని పూర్తయిందని చెప్పే గుర్తుగా మారింది. తెలుగులో ‘మానేశాడు’ అన్నప్పుడు ‘వేయు’ ఏదీ విసరదు, ‘లొంగిపోయాడు’ అన్నప్పుడు ‘పోవు’ ఎక్కడికీ కదలదు. తెలుగు విద్యార్థికి ఈ మర్మం అందనిది కాదు, చెప్పేవారే అరుదు.

1755లో శామ్యూల్ జాన్సన్ తన నిఘంటువు ముందుమాటలో, విదేశీయులను అన్నిటికన్నా కష్టపెట్టేవి ఇలాంటి కూర్పులేనని గుర్తించాడు. అక్కడ ఆయన ఇచ్చిన ఉదాహరణల్లో ‘గివ్ ఓవర్’ ఉంది, దాని అర్థం మానడం. ఇప్పుడు ఉత్తర ఇంగ్లండు మాటల్లో తప్ప అది పెద్దగా వినబడదు. దాని చోటును కూడా గివ్ అప్ ఆక్రమించింది. 1852లో రోజే తన థిసారస్‌లో పదాలను అర్థాల వారీగా సర్దినప్పుడు, ఈ ఒక్క కూర్పు పలు శీర్షికల కిందికి చెదిరిపోక తప్పలేదు.

ఇంత వాడుక ఉన్నా ఈ తరగతి క్రియలకు చాలాకాలం స్థిరమైన పేరు లేదు. ఫ్రేజల్ వెర్బ్ అనే పేరును 1925లో లోగన్ పియర్సల్ స్మిత్ తన ‘వర్డ్స్ అండ్ ఇడియమ్స్’లో ప్రచారంలోకి తెచ్చాడు. పేరు సూచించింది హెన్రీ బ్రాడ్లీ అని ఆయనే చెప్పాడు. ఆక్స్‌ఫర్డ్ నిఘంటువులో జి అక్షరానికి సంపాదకత్వం వహించినవాడు ఆ బ్రాడ్లీయే. గివ్, గో, గెట్ వంటి క్రియల వెంట వచ్చే పొట్టి మాటలతో ఏళ్ల తరబడి పెనుగులాడిన మనిషికే ఆ అవసరం తెలిసింది. స్మిత్ పుస్తకం రావడానికి రెండేళ్ల ముందే బ్రాడ్లీ మరణించాడు.

1930లో సి.కె. ఆగ్డెన్ 850 మాటలతో బేసిక్ ఇంగ్లీషును ప్రతిపాదించి, క్రియలను 18కి కుదించాడు. గివ్ ఉంది, అప్ ఉంది, కనుక సరెండర్ అక్కర్లేదన్నది ఆ లెక్క. నేర్చుకునేవాడి భారం నిజానికి తగ్గలేదు. రెండు మాటలు విడివిడిగా తెలిసినంత మాత్రాన కలిసినప్పటి అర్థం తెలియదు, ప్రతి కూర్పునూ కొత్త మాటగానే నేర్చుకోవాలి. ఆ ప్రణాళికలోని పెద్ద లోపం అదే.

2015 మార్చిలో కేంద్ర ప్రభుత్వం వంటగ్యాస్ సబ్సిడీని స్వచ్ఛందంగా వదులుకోమని కోరుతూ చేపట్టిన ఉద్యమానికి పెట్టిన పేరు ‘గివ్ ఇట్ అప్’. ఏడాది తిరిగేసరికి కోటి మందికి పైగా స్పందించారు. ఆ పేరుతో మన ఊళ్లలో చాలామంది ఈ క్రియను వ్యాకరణ పుస్తకం తెరవకుండానే సరిగ్గా నేర్చుకున్నారు. సర్వనామం వస్తే రెండు ముక్కల మధ్యే నిలవాలన్న నియమం కూడా అందులోనే ఉంది.

మన పోటీ పరీక్షల పుస్తకాలు మాత్రం గివ్ అప్ పక్కన అరడజను పర్యాయపదాలు పేర్చి బట్టీ పట్టిస్తున్నాయి. సిగరెట్టును అబ్డికేట్ చేసే ఇంగ్లీషు అక్కడి నుంచే వస్తుంది. ఉపాధ్యాయులారా, పర్యాయపదం చెప్పే ముందు ఒక ప్రశ్న అడిగించండి: వదులుతున్నది ఏమిటి, ఎవరి చేతికి?