ఒక్కో సరుకు ఒక్కో కాలంది

స్కూబా నేర్చుకోబోయేవాడికి ఇవాళ ఫిన్స్, రెగ్యులేటర్, వెట్‌సూట్, జాకెట్ అన్నీ ఒకే దుకాణంలో దొరుకుతాయి. వాటి పుట్టుక మాత్రం ఒకనాటిది కాదు.

అందులో పెద్దన్న ఫిన్స్. లూయీ ద కొర్లియే అనే ఫ్రెంచి నౌకాధికారి 1933లోనే పేటెంటు పుచ్చుకున్నాడు.

రెగ్యులేటర్‌ది యుద్ధకాలపు కరువు కథ. పారిస్‌లో పెట్రోలుకు కటకటగా ఉంటే, కార్లను గ్యాస్‌తో నడపడానికి ఇంజనీరు ఎమిల్ గాన్యాన్ ఒక వాల్వు తయారుచేశాడు. 1942 చివర్లో ఫ్రెంచి నౌకాధికారి, డైవర్ జాక్ కూస్తో వచ్చి అడిగాక, దాన్నే డైవర్ ఊపిరికి మలిచారు. మార్న్ నదిలో పరీక్షిస్తే తిరకాసు బయటపడింది. అడ్డంగా ఈదితే బాగానే ఉంది. నిటారుగా నిలబడితే గాలి బుసబుసమంటూ వృథాగా పోయింది, తలకిందులైతే ఊపిరే అందలేదు. వదిలిన గాలి పోయే దారిని వాల్వు పక్కకే తెచ్చాక అంతా కుదిరింది. 1943 వేసవికల్లా కూస్తో మధ్యధరా సముద్రంలో ఈదుతున్నాడు.

ఈ పరికరాన్ని కొన్న తొలితరంలో చాలామందికి సిలిండర్‌లో గాలి ఎంత మిగిలిందో చూపే మీటరే లేదు! ఊపిరి బరువెక్కగానే వీపు వెనక్కి చెయ్యిపెట్టి కడ్డీ ఒకటి కిందికి లాగాలి. అట్టేపెట్టిన కాస్త గాలి అప్పుడు వస్తుంది. ఆ కడ్డీ ముందే దేనికో తగిలి దిగిపోయి ఉంటే, ఆ కాస్తా అప్పటికే అయిపోయినట్టే.

1950ల మొదట్లో బర్కిలీ భౌతికశాస్త్రవేత్త హ్యూ బ్రాడ్నర్ నియోప్రీన్ వెట్‌సూట్ రూపొందించాడు. చొక్కాలా తొడుక్కునే గాలి జాకెట్‌ను స్కూబాప్రో 1971లో తెచ్చింది. అంతకుముందు చాలామంది నడుముకు కట్టిన సీసాన్నీ, ఛాతీలోని గాలినీ నమ్ముకునే తేలేవారు, మునిగేవారు.