కొండని మోసిన బుల్లి ఇంజన్లు: బింగ్‌హామ్ రాగి గని కథ

ఇవాళ్టి ఎపిసోడ్ రైలింజన్ల గురించే, కానీ ఎక్స్‌ప్రెస్ బండ్ల ఇంజన్లు కాదు. ఒకే గనిలో పొద్దస్తమానం ముందుకీ వెనక్కీ తిరుగుతూ వ్యాగన్లు లాగిన చిన్న ఆవిరి ఇంజన్లు. మన రైల్వే వాళ్ల భాషలో షంటింగ్ ఇంజన్. అమెరికాలో స్విచర్ అంటారు. గనుల్లో తిరిగే బుల్లి రకానికి డింకీ అని ముద్దుపేరు కూడా ఉంది.

ముందు ప్లేస్ చూద్దాం. అమెరికాలో యూటా రాష్ట్రం, సాల్ట్ లేక్ సిటీకి నైరుతి వైపు బింగ్‌హామ్ కాన్యన్. శాటిలైట్ మ్యాప్‌లో చూస్తే ఓ పెద్ద దిగుడుబావిలా ఉంటుంది. అడ్డంగా దాదాపు 4 కిలోమీటర్లు, లోతు కిలోమీటరు పైనే. 1900లో అక్కడ ఈ గుంట లేదు. కొండ ఉండేది!

ఆ కొండలో రాగి ఉందని అందరికీ తెలుసు. కాకపోతే 2 శాతమే. అంటే 100 టన్నుల రాయి తవ్వితే 2 టన్నుల రాగి, అది కూడా ఒక్క రవ్వ వృథా కాకపోతేనే. పైన కప్పుకుని ఉన్న పనికిరాని మట్టి, రాయి లెక్క వేరే. అందుకే చాలామంది ఇంజనీర్లు ఇది గిట్టుబాటు కాదన్నారు. డేనియల్ జాక్లింగ్ అనే ఆయన మాత్రం అవుతుందన్నాడు. సొరంగాలు తవ్వొద్దు, కొండనే పైనుంచి చెక్కేద్దాం, ఎంత ఎక్కువ తవ్వితే టన్ను ఖర్చు అంత తగ్గుతుంది అని ఆయన లెక్క. 1903లో యూటా కాపర్ కంపెనీ పెట్టారు, 1906లో ఆవిరి పారలు, అంటే స్టీమ్ షవల్స్, దింపారు.

చాలా డాక్యుమెంటరీలు ఇక్కడ షవల్‌నే హీరోగా చూపిస్తాయి. నాకు అది సగం కథే అనిపిస్తుంది. షవల్ నాలుగైదు తోపులకి వ్యాగన్ నింపేస్తుంది, సరే. తర్వాతి ఖాళీ వ్యాగన్ రాకపోతే? అంత ఖరీదైన మెషీన్ పొగ వదులుతూ నిలబడాల్సిందే. మన సాఫ్ట్‌వేర్ వాళ్లకి బాగా తెలిసిన బాటిల్‌నెక్ ఇదే. సర్వర్ ఎంత ఫాస్ట్ అయితే ఏంటి, లైన్ స్లో అయితే!

ఆ లైన్ నడిపింది మన బుల్లి ఇంజన్లు. కొండని మెట్లు మెట్లుగా కోశారు. ఒక్కో మెట్టుని బెంచ్ అంటారు. ప్రతి బెంచ్ మీదా పట్టాలు. ఒక బెంచ్ నుంచి ఇంకోదానికి వెళ్లాలంటే బండి జడ్ ఆకారంలో, కొంత దూరం ముందుకి, పాయింట్లు మార్చుకుని మళ్లీ వెనక్కి ఎక్కాలి. పెద్ద ఇంజన్‌కి ఆ మలుపులు తిరగవు. అందుకే చిన్న ఇంజన్, దగ్గరదగ్గరగా చక్రాలు, వెనక బొగ్గు-నీళ్ల టెండర్ లేకుండా, బాయిలర్ మీదే గుర్రం జీనులా వేలాడే నీళ్ల ట్యాంకు. దీంట్లో ఓ తెలివుంది. నీళ్ల బరువంతా లాగే చక్రాల మీదే పడుతుంది కాబట్టి పట్టు బాగుంటుంది. వెనక టెండర్ అడ్డం లేదు కాబట్టి రివర్స్‌లో వెళ్తున్నప్పుడు డ్రైవర్‌కి దారి కనిపిస్తుంది.

మైనస్ కూడా అక్కడే. నీళ్లు ఆవిరైపోయేకొద్దీ ఇంజన్ తేలికవుతుంది, పట్టు తగ్గుతుంది, మాటిమాటికీ నీళ్లు పట్టాలి. షవల్ దగ్గర వంతు కోసం ఆగినా నిప్పు ఆర్పడానికి లేదు. చల్లారిన బాయిలర్‌లో మళ్లీ ఆవిరి పుట్టాలంటే గంటలు పడుతుంది. అంటే పని లేకపోయినా బొగ్గు కాలుతూనే ఉంటుంది.

ఇప్పుడు అసలు విషయం. షవల్ బెంచ్ అంచుని తినుకుంటూ పోతుంది కదా, పట్టాలు కూడా దాని వెంటే జరగాలి. ఇంజన్ తనంతట తను పట్టాలు జరుపుకోదు. గ్యాంగ్‌లు గ్యాంగ్‌లుగా మనుషులు గునపాలు పెట్టి, ఒకేసారి ఊపు ఇచ్చి, స్లీపర్లతో సహా పట్టాల్ని పక్కకి నెట్టేవాళ్లు. మన గ్యాంగ్‌మ్యాన్‌ల పనే, కాకపోతే ఇక్కడ లైన్ ఎప్పటికీ పర్మనెంట్ కాదు. ఆ మనుషుల్లో ఎక్కువమంది గ్రీకులు, చాలామంది క్రీట్ దీవి నుంచి వచ్చినవాళ్లు. ఇంకా ఇటాలియన్లు, ఆస్ట్రియా సామ్రాజ్యం నుంచి వచ్చినవాళ్లు, జపనీయులు.

గ్రీకుల్ని గనికి సప్లై చేసింది లియోనిడస్ స్క్లిరిస్ అనే లేబర్ ఏజెంట్. ఆఫీసు సాల్ట్ లేక్ సిటీలో. ఉద్యోగం ఇప్పించినందుకు ముందు ఫీజు, తర్వాత నెలనెలా జీతంలో కోత. సరుకులు కూడా ఆయన మనుషుల కొట్లోనే కొనాలి. లేదంటే పని పోతుంది. ఇంగ్లిష్ రాదు, ఊరు తెలీదు, ఎవరికి చెప్పుకుంటారు?

ఈ ముక్క చదివినప్పుడు నేను ల్యాప్‌టాప్ మూసేసి కాసేపు కూర్చున్నాను. నా మొదటి ఉద్యోగం ఒక కన్సల్టెన్సీ ద్వారానే వచ్చింది, ఏడాది పాటు జీతంలో వాళ్ల వాటా పోయింది. అమెరికాలో ఉన్న మన వాళ్లని అడగండి, "బెంచ్ మీద ఉన్నా" అనే మాటకి ఎంత భయం ఉంటుందో చెప్తారు. రెండు కష్టాలూ ఒకటే అనట్లేదు. నాకు ఏసీ ఉంది, వాళ్ల నెత్తి మీద బండరాళ్లు ఉన్నాయి. ఏజెంట్ లెక్క మాత్రం వెంటనే అర్థమైపోయింది.

1912 సెప్టెంబర్‌లో సమ్మె మొదలైంది. గని మొత్తం ఆగింది. యూనియన్ తమని గుర్తించమంది, రోజుకి 50 సెంట్లు పెంచమంది. గ్రీకులు గట్టిగా పట్టుబట్టింది మాత్రం స్క్లిరిస్‌ని తీసేయమని. కొందరు తుపాకులతో కొండెక్కి కూర్చున్నారు. గవర్నర్ విలియం స్ప్రై స్వయంగా బింగ్‌హామ్ వచ్చి మాట్లాడాల్సి వచ్చింది. కొద్ది రోజుల్లోనే స్క్లిరిస్ రాజీనామా చేశాడు. జాక్లింగ్ మాత్రం యూనియన్‌ని గుర్తించనే లేదు. బయటి నుంచి కొత్త కూలీల్ని దించి గని మళ్లీ నడిపారు. గెలిచారా ఓడారా అంటే, నా దృష్టిలో ఏజెంట్ మీద గెలిచారు, కంపెనీ మీద ఓడిపోయారు.

అక్టోబర్‌లో సమ్మె పక్క రాష్ట్రం నెవాడాకి పాకింది. అక్కడ ఈలీ దగ్గర గని, మెక్‌గిల్ ఊళ్లో రాగి కరిగించే కొలిమి ఉన్నాయి. మెక్‌గిల్‌లో కాల్పులు జరిగి ఇద్దరు గ్రీకు కార్మికులు చనిపోయారు.

బింగ్‌హామ్ గనిలో ఆవిరి కాలం ఆ తర్వాత ఎక్కువ రోజులు సాగలేదు. 1920లలో ఎలక్ట్రిక్ షవల్స్, దశాబ్దం చివరికి ఎలక్ట్రిక్ ఇంజన్లు వచ్చాయి. నిలబడినప్పుడు బొగ్గు తినవు, నీళ్లు అడగవు. కంపెనీ వైపు నుంచి చూస్తే తప్పు పట్టడానికేం లేదు. గ్యాంగ్‌మ్యాన్‌లు కాపురం ఉన్న బింగ్‌హామ్ కాన్యన్ ఊరు కూడా మిగల్లేదు. గని పెరుగుతూ ఇళ్లని మింగుతూ వచ్చింది, 1971లో ఊరి మున్సిపాలిటీనే రద్దు చేశారు.

రాగి ఖనిజం లాగిన ఆవిరి ఇంజన్ చూడాలని ఉంటే ఈలీకి వెళ్లండి. నెవాడా నార్తర్న్ రైల్వే అక్కడ మ్యూజియంగా నడుస్తోంది. 93 నంబర్ ఇంజన్ 1909లో చేసింది. ఇది డింకీ కాదు, పెద్దదే. గని నుంచి మెక్‌గిల్ కొలిమికి ఖనిజం మోసింది, అంటే సమ్మె నాటికి దాని వయసు మూడేళ్లు. ఇప్పటికీ నడుస్తుంది. డబ్బు కడితే, పక్కన వాళ్ల మనిషిని పెట్టి మన చేతే నడిపిస్తారు. ఆ దారిలో ఎవరైనా వెళ్తే వీడియో తీసి పంపండి, ఛానెల్‌లో పెడతాను. ఉంటాను మరి.